ఎవరి మాటా వినడు

నేను ఒక పెద్ద బట్టల షోరూంలో వాపసు కౌంటర్లో కూర్చుంటాను. కొన్నది నచ్చలేదని తిరిగిచ్చేవాళ్లందరూ నా ముందు నుంచే పోవాలి. "ఒక్కసారి కూడా ఒంటిమీద వేసుకోలేదండీ" అంటారు. నేను మారు మాట్లాడకుండా చొక్కా కాలరు తిరగేసి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఎవరి పెళ్లికో కట్టుకుని మళ్లీ మడతపెట్టిన చీరకి సెంటు వాసన పోదు. ఇంటర్వ్యూకి తొడుక్కెళ్లిన ప్యాంటుకి మోకాళ్ల వెనక ముడత పోదు. నా దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు. షోరూంలో అమ్మకాల పిల్లలు నన్ను చాటుగా "ముక్కావిడ" అంటారు. ఆ సంగతి నాకు తెలుసని వాళ్లకి తెలియదు.

కాబట్టి మా చెల్లి రెండో పెళ్లి మాట వచ్చినప్పుడు మనిషిని చూసి రావడానికి నేను కాక ఇంకెవరు వెళ్తారు?

మొదటి పెళ్లప్పుడు నేనొక్కదాన్నే వద్దన్నాను. పెళ్లిచూపుల్లో అతను మాట్లాడుతుంటే వాళ్లమ్మ ఏదో చెప్పబోయి, కొడుకు వైపు ఒకసారి చూసి, నోరు మూసుకుంది. నాకది చాలు. మధ్యవర్తి మాత్రం, "కుర్రాడు బంగారం. కాస్త ఎవరి మాటా వినడు, అంతే. పెళ్లయితే అదే దారికొస్తుంది" అన్నాడు. అది దారికి రాలేదు. ఏళ్ల తరబడి ఓర్చుకుని, చివరికి చెల్లి ఒక చేతిసంచితో మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ తరవాత విడాకులు, బస్టాండులో ఉద్యోగం, మా వీధి చివర చిన్న గది.

బస్టాండులో దాని పని మైకు దగ్గర. ప్లాట్‌ఫారాల మధ్య అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగిందో ఎప్పుడు కదులుతుందో చెబుతుంది. ఊళ్లో దాని గొంతు తెలియనివాళ్లు లేరు. మొహం తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

"ఎక్కడ తగిలాడే నీకు ఈయన?" అని అడిగాను.

"బస్టాండులోనే అక్కా. వారం వారం వస్తాడు, పెళ్లి మాట తనే ఎత్తాడు. కిటికీ దగ్గరకొచ్చి తన బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో అడుగుతాడు."

"నువ్వు మైకులో చెబుతావు కదా?"

"చెబుతాను."

"చెప్పాక కూడా వచ్చి అడుగుతాడా?"

"ఊఁ" అని చెల్లి తనలో తను నవ్వుకుంది.

నాకు ఒళ్లు మండింది. ఊరంతా వినబడేలా చెప్పిన మాటని మళ్లీ కిటికీ దగ్గరకొచ్చి అడగడమేమిటి? ఆడదానితో మాట కలపడానికి ఇంతకంటే పాత వేషం ఉంటుందా? ఏం చేస్తాడంటే, చిత్తడి నేలల్లో ఎయిర్‌బోట్ నడుపుతాడట. టికెట్ కొన్నవాళ్లని తిప్పి మొసళ్లనీ పక్షుల్నీ చూపిస్తాడట. అంటే రోజూ కొత్తవాళ్లకి కబుర్లు చెప్పి బతికే మనిషన్నమాట. నా అనుమానం రెట్టింపయింది.

"నువ్వెళ్లి చూడక్కా" అంది చెల్లి. "నువ్వెవరో చెప్పకు. అందరిలాగే పడవెక్కి చూసి రా. నువ్వు వద్దంటే వద్దు. ఈసారి నీ మాటే వింటాను."

ఆ మాట అంటూ చీర కుచ్చిళ్లు అక్కర్లేకుండానే సర్దుకుంటూ కూర్చుంది. అది మనసు పడిందని నాకు అర్థమైంది. నేను కాదంటే మళ్లీ జన్మలో ఎవరి వైపూ చూడదు. ఔనని చెప్పి, రేపు ఇతనూ మొదటివాడిలాగే తయారైతే ఇక లేవదు. దాని బతుకు నా నాలుక మీద పెట్టి కూర్చుంది. నాకు నిజంగా భయమేసింది.

సెలవురోజు చూసుకుని మా ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరాను. మా ఆయనకి అనుమానం అనే అవయవం పుట్టుకతోనే లేదు. టీవీలో ప్రకటన చూసి జుట్టు మొలుస్తుందని నమ్మే మనిషి. ఆఫీసులో ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన దుర్భిణీ మెడలో వేసుకుని, చిన్నపిల్లాడిలా బస్సులో ముందు సీట్లో కూర్చున్నాడు.

"నువ్వు మొసలిని చూస్తావా, అతన్ని చూస్తావా?" అని నవ్వాడు.

"రెండింట్లో ఏది ఎక్కువ ప్రమాదమో దాన్ని చూస్తాను" అన్నాను.

ఒడ్డున రేకుల షెడ్డు. ఒక పక్క టికెట్ల కిటికీ, ఇంకో పక్క మేకులకి వేలాడేసిన నారింజరంగు లైఫ్ జాకెట్లు. ఒకటి తీసి అలవాటుగా వాసన చూశాను. ఎంతమంది చెమటో లెక్కలేదు. మా ఆయన ఫొటోలు తీసుకుంటుంటే నేను టికెట్లావిడ దగ్గర చేరాను. లావుపాటి మనిషి, చెవులకి పెద్ద రింగులు, మాటకి ముందు నవ్వు.

"పడవ నడిపే ఆయన ఎలాంటివాడమ్మా?" అన్నాను, ఊరికే అడిగినట్టు.

"చెయ్యి మంచిదమ్మా. ఇన్నేళ్లలో పడవకి గీత కూడా పడలేదు" అంది. తరవాత పక్కనున్న టీ కొట్టతని వైపు చూసి కన్నుగీటింది. "కాకపోతే ఎవరి మాటా వినడు."

టీ కొట్టతను పకపకా నవ్వాడు.

 అక్షరం పొల్లుపోకుండా అదే మాట. ఆ మధ్యవర్తి నోట విన్నదే, ఇప్పుడు ఈవిడ నోట. మా చెల్లి వెతుక్కుని వెతుక్కుని మళ్లీ అలాంటివాడినే పట్టుకుందన్నమాట. అక్కడికక్కడే వెనక్కి తిరిగి వెళ్లిపోదామనిపించింది. కానీ టికెట్లు కొన్నాం, మా ఆయన అప్పటికే జాకెట్ తొడుక్కుని బకిల్ పెట్టుకోలేక తంటాలు పడుతున్నాడు.

పడవ అంటే పడవ కాదది. అంచులున్న పెద్ద రేకు పళ్లెం. వెనక ఇనుప పంజరంలో మనిషెత్తు ఫ్యాను. ఆ ఫ్యాను ముందు ఎత్తైన కుర్చీలో నడిపే ఆయన, ఆయన ముందు కిందగా మేము. అంటే అతను మా వీపులు చూస్తాడు, మాకు అతను కనబడడు. ఆ ఏర్పాటే నాకు నచ్చలేదు. మాతోపాటు ఒక కొత్త జంట, గొడుగు పట్టుకున్న ఒక పెద్దాయన ఎక్కారు.

అతను వచ్చాడు. యాభైకి దగ్గర వయసు, ఎండకి కమిలిన మొహం, నెరిసిన మీసం. కాలరు చూశాను. శుభ్రంగా ఉంది, ఇస్త్రీ కూడా చేసి ఉంది. రోజంతా బురదలో తిరిగే మనిషికి ఇస్త్రీ చొక్కా ఎందుకు? మేమొస్తున్నామని ముందే ఎవరైనా చెప్పారా?

"జాగ్రత్తండీ, కాలు జారుతుంది" అని మా ఆయనకి చెయ్యిచ్చాను. పడవాయన నన్నే చూస్తున్నాడు. చూపు తిప్పుకుని అందరికీ చెప్పాడు.

"ఏదైనా అడగాలంటే చెయ్యెత్తి, నా వైపు పూర్తిగా తిరిగి అడగండి. దయచేసి అరవొద్దు. జంతువులు బెదురుతాయి."

అంత పెద్ద ఫ్యాను మోతకి బెదరని జంతువులు నా గొంతుకి బెదురుతాయా? ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నాడు? నేను నోరు తెరవబోయేలోగా అందరికీ చెవులు మూసే కప్పులు పంచి, ఇంజను తిప్పాడు.

నిజం చెప్పాలి, కాసేపు నేను వచ్చిన పనే మరిచిపోయాను. పడవ నీళ్లమీదా, బురదమీదా, గడ్డిమీదా తేడా లేకుండా జారిపోయింది. జమ్ము దుబ్బులు రెండుగా విడిపోయి మాకు దారిచ్చాయి. తెల్లకొంగలు గుంపులుగా లేచి, మా తలలమీదుగా తిరిగి మళ్లీ వెనకే దిగాయి. మా ఆయన దుర్భిణీ తలకిందులుగా పెట్టుకుని చూస్తూ కూడా ఆనందపడిపోయాడు.

గుర్రపుడెక్క పరుచుకున్న ఒక మడుగులో ఇంజను ఆపాడు. చెవి కప్పులు తీసేశాం. ఒడ్డున మొసలి పడుకుని ఉంది. నోరు తెరుచుకుని, ఈగ వాలినా కదలకుండా.

"ఇది నిజం మొసలేనా, రబ్బరుదా?" అన్నాను, ముందుకే చూస్తూ. రోజూ వచ్చేవాళ్లకి రోజూ ఒకే చోట దొరికే మొసలి మీద నాకు నమ్మకం లేదు.

జవాబు లేదు.

"మిమ్మల్నే అడుగుతున్నా. నిజందేనా?"

"ఇది ఆడ మొసలి. గుడ్లు పెట్టే కాలంలో దీని దగ్గరకి నేను కూడా రాను" అన్నాడు వెనకనుంచి. నేనడిగిందానికీ అతను చెప్పినదానికీ సంబంధం లేదు. మొసలి మాత్రం మెల్లగా కన్ను మూసి తెరిచింది, నాకు బుద్ధి చెబుతున్నట్టు.

మా ఆయన వెనక్కి తిరిగి ఏదో అడిగాడు. అతను ఓపిగ్గా, వివరంగా చెప్పాడు. ఓహో, మగవాళ్లకే జవాబు చెప్పే రకం అనుకున్నాను. ఇంతలో కొత్త పెళ్లికూతురు తిరిగి, "అంకుల్, ఇది మనుషుల్ని తింటుందా?" అంది. దానికి నవ్వుతూ ఇంకా వివరంగా చెప్పాడు. ఓహో, వయసులో ఉన్నవాళ్లకయితే మరీ చెబుతాడన్నమాట. నా లెక్క మారింది గానీ అనుమానం మారలేదు. ఎటు తిప్పి చూసినా దోషమే దొరుకుతోంది, నాకు లోపల తృప్తిగా కూడా ఉంది.

పడవ మళ్లీ కొంత దూరం పోయి, తామరాకుల మధ్య ఆగింది. ఆకుల మీద ఎర్రముక్కు నీటికోడి ఒకటి అడుగులు వేస్తోంది.

"ష్... ఎవరూ కదలకండి" అన్నాడు. "ఇప్పుడు పిలుస్తుంది. వినండి."

అందరం ఊపిరి బిగబట్టాం. నీటికోడి మెడ చాచి, ముక్కు తెరిచి, గొంతు కదిలించి, మళ్లీ ముక్కు మూసుకుంది.

"విన్నారా?" అన్నాడు. ఆ గొంతులో ఎంత మురిపెమో! "జతని పిలిచే పిలుపు. ఒకసారి వింటే ఇక మరిచిపోలేం."

"అబ్బ! ఎంత బాగుందండీ!" అన్నాడు మా ఆయన. గొడుగు పెద్దాయన కళ్లు మూసుకుని తల ఊపాడు. కొత్త జంట ఒకళ్ల చెయ్యి ఒకళ్లు నొక్కుకున్నారు.

నేను చెవులు రిక్కించి కూర్చున్నదాన్ని. ఏ పిలుపూ లేదు. పడవ అడుగున నీళ్లు తగిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ కోడి ఏదో పురుగుని మింగింది, అంతే. ఇంతమందిని కూర్చోబెట్టి, లేని కూతని ఉన్నట్టు నమ్మించాడు! ఇది మాటల గారడీ కాక ఏమిటి?

"ఈ మనిషి పచ్చి మోసగాడండీ" అన్నాను మా ఆయనతో, గొంతు తగ్గించకుండానే. "దాన్ని ఇతనికిచ్చి చేస్తే చేతులారా నూతిలో తోసినట్టే. ఛస్తే ఒప్పుకోను."

మా ఆయన మొహం పాలిపోయింది. "మెల్లగా! వెనకే ఉన్నాడు, విన్నాడు!"

విననీ. వినాలనే అన్నాను. అతని జవాబు కోసం వీపు బిగబట్టుకుని కూర్చున్నాను.

"ఎడమ పక్క చూడండమ్మా" అన్నాడు అతను, ప్రశాంతంగా. "దుంగ మీద తాబేళ్లు. తల్లీ పిల్లలూ."

నేను తాబేళ్లని చూడలేదు. మనిషన్నవాడికి ఇంత మొద్దు చర్మం ఉండదు. మొహం మీద మోసగాడంటే మూగవాడికైనా కోపం రావాలి. పైకి మరక కనబడని బట్టని లోపలివైపు తిప్పి చూడాలి, అది నా పని. ముందుకే చూస్తూ, కౌంటర్లో మాట్లాడేంత గొంతుతో అన్నాను.

"పడవాయనా, మీ సీటు కింద పాము."

పెళ్లికూతురు కెవ్వుమని పెళ్లికొడుకు ఒళ్లోకి ఎక్కింది. గొడుగు పెద్దాయన కాళ్లు పైకి ముడుచుకుని గొడుగు ఎత్తాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు, పడవ ఊగిపోయింది. అందరి చూపులూ ఆ కుర్చీ కిందే ఉన్నాయి. నేను మెల్లగా వెనక్కి తిరిగాను.

అతను దూరంగా కొంగల వైపు చూస్తూ చిరునవ్వు నవ్వుతున్నాడు. పడవ ఊగాక మా వైపు తిరిగాడు. ఒక్కొక్కరి మొహంలోకీ వెతుకుతూ చూశాడు.

"కూర్చోండి, కూర్చోండి! ఏమైందండీ? ఎవరికేం కనబడింది?"

పామన్నాక కూడా తన కాళ్ల కిందకి చూడని మనిషి ఆ పడవలో అతనొక్కడే. అతని చూపు నా దగ్గరకొచ్చి ఆగింది. నేనొక్కదాన్నే కదలకుండా కూర్చున్నాను. అతనికి అర్థమైంది. నాకూ అర్థమైంది. మొహంలో ముందు నవ్వు పోయింది. తరవాత, దొరికిపోయినవాడు నవ్వినట్టు, చిన్నగా మళ్లీ వచ్చింది.

"పాము కాదు, తాడు" అన్నాను అందరితో. "నేనే పొరబడ్డాను."

తిరిగొచ్చేటప్పుడు చెవి కప్పులు పెట్టుకున్నా నా తలలో ఒకటే రొద. మగవాళ్లకే జవాబు చెప్పడం కాదు, ఆడపిల్లలకి చెప్పడం కాదు. తన వైపు తిరిగినవాళ్లకి చెప్పాడు. పెదవులు కనబడితే తెలుస్తుంది, వీపు కనబడితే తెలియదు. ఆ టికెట్లావిడ ఉన్నమాటే చెప్పింది. వినడు అంటే వినిపించుకోడనుకున్నాను నేను. ఎవరనుకోరు?

ఒడ్డుకి చేరాక అందరూ దిగి టీ కొట్టు వైపు పోయారు. నేను దిగలేదు. అతను కూడా కుర్చీ దిగి నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"మీరు ఆవిడ అక్కగారు కదండీ?" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎక్కేటప్పుడు మీవారితో జాగ్రత్త అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ పెదవులు ఎలా కదులుతాయో మీవీ అలాగే కదిలాయి."

"అయితే నేనన్నవన్నీ..."

"నా వైపు తిరిగి అన్నవి తెలిశాయి. అటు తిరిగి అన్నవి తెలియవండీ."

అతి చెడ్డవి అటు తిరిగే అన్నాను. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. వెంటనే మళ్లీ కోపం వచ్చింది.

"మా చెల్లికి చెప్పారా?"

తల అడ్డంగా ఊపాడు.

"లోపం దాచి అంటగడదామనుకున్నారా?" అన్నాను. కౌంటర్ మాట, నోటికి అలవాటైన మాట. అతను చూపు నా పెదవుల మీదనుంచి తీసి నీళ్లవైపు తిప్పుకున్నాడు. ఇక నేనేం మాట్లాడినా అతనికి అందదు. ఎదుటి మనిషి నోరు మూయించడానికి అతని దగ్గరున్న దారి అదొక్కటే. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సిందనిపించింది, కానీ అనేశాను.

నీళ్లవైపే చూస్తూ తనే చెప్పాడు.

"నేను చేరినప్పుడు ఈ కప్పులు లేవండీ. ఫ్యాను పక్కనే కూర్చుని కూర్చుని... మొదట చిన్న పిట్టల కూతలు పోయాయి. ఆ తరవాత మనుషుల మాటలు. యజమానికి తెలుసు, ఇక్కడ అందరికీ తెలుసు. చెయ్యెత్తి అడగమనే పద్ధతి ఆయన పెట్టిందే." ఆగాడు. "ఆవిడకి చెబుదామనే వారం వారం బస్టాండుకి వెళ్తాను. కిటికీ దగ్గరకొచ్చి నవ్వుతుంది. ప్లాట్‌ఫారం నంబరు మాత్రం అడిగి వచ్చేస్తాను."



"ఆవిడ గొంతు చాలా బాగుంటుందట కదండీ" అన్నాడు, నా మొహంలోకి చూస్తూ. "బస్సుల్లో జనం అనుకుంటుంటే చూశాను. ఎలా ఉంటుందండీ?"

 ఏ బట్ట ఎవరి ఒంటిమీద ఎంతసేపు ఉందో చెప్పగలను. పుట్టినప్పటినుంచి వింటున్న నా చెల్లెలి గొంతు ఎలా ఉంటుందో ఒక్క మాట కూడా చెప్పలేకపోయాను. మెత్తగా ఉంటుందనాలా? తియ్యగా అనాలా? నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అతని ముందు తుడుచుకోవడం ఇష్టంలేక లేచి నిలబడ్డాను.

"బయల్దేరండి" అన్నాను, అతని వైపు పూర్తిగా తిరిగి. "ఇప్పుడే. మీ నోటితో మీరే చెప్పాలి."

బస్సులో మా ఆయన మధ్యలో కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాక చాలాసేపు ఆలోచించి, "ఇంతకీ ఆ కోడి కూసిందంటావా, లేదంటావా?" అన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. నా దిగులు నాది. మా చెల్లికి చదువు అంతంతమాత్రం, అందం అంతంతమాత్రం. దేవుడు ఇచ్చిందల్లా ఆ గొంతొక్కటే. ఆ గొంతు ఎప్పటికీ వినలేని మనిషికి దాన్నిచ్చి ఎలా చెయ్యను? వద్దనడానికి ఇంతకంటే మంచి కారణం నాకు ఇంకేం కావాలి? అయినా వద్దని అనలేకపోతున్నాను. ఔనని కూడా అనలేకపోతున్నాను.

బస్టాండుకి చేరేసరికి సాయంత్రం రద్దీ. అద్దాల గదిలో చెల్లి మైకు ముందు ఉంది. మా ముగ్గుర్నీ కలిపి చూసి ఏదో ఊరి పేరు సగంలో ఆపేసి, మళ్లీ అందుకుని చెప్పింది. మైకు కట్టేసి కిటికీ దగ్గరకొచ్చింది. మొహంలో నెత్తురు లేదు.

"చెప్పండి" అన్నాను అతనితో.

అతను కిటికీ ముందు నిలబడ్డాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "నాకు... మీకొక విషయం చెప్పాలి. నాకు చెవులు..."

"తెలుసు" అంది చెల్లి.

అతను ఆగిపోయాడు. 

"తెలుసా? ఎప్పటినుంచే?" అన్నాను.

"రెండోసారి వచ్చినప్పటినుంచి. మైకులో చెప్పి నేను నోరు మూసేలోగా వచ్చి అదే అడిగాడు. పైగా చెబుతుంటే నా నోటివైపు ఎలా చూశాడనుకున్నావు? ఎవరికి తెలియదక్కా?"

నాకు తెలియలేదు. మాట కలపడానికి వేషమనుకున్నాను.

"తెలిస్తే మరి నన్నెందుకు పంపావే?"

"ఆయనంతట ఆయన చెప్పలేకపోతున్నాడు. తెలుసని నేనంటే సిగ్గుపడి రావడం మానేస్తాడేమోనని భయం. నీ దగ్గరైతే ఏదీ దాగదు కదా. నువ్వు బయటపెట్టేస్తావని పంపాను."

అంటే నా తీర్పు కోసం కాదు, నా ముక్కు కోసం పంపిందన్నమాట. కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ ఎక్కువసేపు నిలవలేదు.

"మరి నీ గొంతో?" అన్నాను. "జన్మంతా ఒక్క మాట కూడా వినలేడు. నీకు బాధగా ఉండదా?"

చెల్లి ఒకసారి అతని వైపు చూసింది. అతనికి కనబడేలా మొహం పెట్టి, నాకే చెప్పింది.

"మొదటాయన నా గొంతు నచ్చే చేసుకున్నాడక్కా. నీకు తెలియదు. పక్కింటి పెళ్లిలో మైకులో పాడుతుంటే విని, ఈ పిల్లే కావాలని పట్టుబట్టాడట. ఇంటికి తీసుకెళ్లాక నోరెత్తనివ్వలేదు. ఆయన చెవులకేం, సూది పడినా వినబడేది." అక్కడ ఆగి కళ్లు తుడుచుకుంది. "ఈయన నేను నోరు తెరిస్తే చాలు, సంచి కింద పెట్టేసి నా వైపు తిరుగుతాడు. మాట అయిపోయేదాకా ఎటూ చూడడు. నాకిది చాలు."

నేను వద్దనలేదు. ఔనని కూడా అనలేదు. అనాల్సిన అవసరం అక్కడ లేదు. కిటికీ అంచు మీదున్న దాని చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. అది చిన్నప్పటిలా వేళ్లు విడిపించుకోలేదు. మా ఆయన ముక్కు చీదుతూ దుర్భిణీ అద్దాలు తుడిచాడు.

బస్సు ఒకటి హారను కొడుతూ లోపలికొచ్చింది. చెల్లి కిటికీ మూసి, పరుగున మైకు దగ్గరకి పోయి, ఏ ఊరి బస్సో ఏ ప్లాట్‌ఫారమో చెప్పింది. జనం సంచులు ఎత్తుకుని పరిగెత్తారు, ఎవరూ ఆ గది వైపు చూడలేదు. చెప్పడం అయ్యాక మైకు కట్టేసింది. అతను అద్దానికి ఇవతల అలాగే నిలబడి ఉన్నాడు.

అది అతని వైపు తిరిగి ఏదో చెప్పింది. పొడుగాటి మాటే. పెదవులు కదలడం కనబడుతోంది, మాకు మాత్రం అద్దం అవతలనుంచి చప్పుడు లేదు. అతను తల ఊపాడు, నవ్వాడు, జేబులోంచి రుమాలు తీసి మొహమంతా తుడుచుకున్నాడు. అది ఇంకా చెబుతూనే ఉంది.

"ఏమంటోందండీ?" అని అడిగాను, పక్కనే నిలబడి.

అతను అద్దం మీదనుంచి చూపు తిప్పలేదు. చెయ్యి తట్టి నా వైపు తిప్పుకోవచ్చు. చెయ్యెత్తాను కూడా. మళ్లీ దించేసి, మా ఆయన్ని తీసుకుని ఇంటి బస్సు ఎక్కాను.